మొలక పరీక్ష – జ్వర పరీక్ష



నారు పోయుటకు ముందు నూరు గింజలను తడిగుడ్డలో కట్టి, మొలచినవానిని లెక్కించి చూడవలెనని మీకు పలుమారులు మనవి చేసియుంటిని. ఆ పాఠమును నా శరీరము విషయమున నేనే మరచితిని. దాని ఫలమును నాతోపాటు మరియొకరు అనుభవించిరి. కావున ఈ మాసము మిరప సంగతి విడిచి, కరోనా జ్వరమును గూర్చి వ్రాయుచున్నాను.

జరిగిన సంగతి

2020 మార్చి 11వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వ్యాధిని మహమ్మారిగా ప్రకటించెను. మరునాడే నెల్లూరులో మన రాష్ట్రమునకు మొదటి రోగి తేలెను. కొలది దినములకే ఒంగోలులోను కనబడెను. ఆగస్టు నాటికి మన పల్లెలలోనికి వచ్చెను.

అది మిరప నారుమళ్ల కాలము. నాకు ఒళ్లునొప్పులు, కొద్దిపాటి జ్వరము వచ్చినవి. ఎరువుల గిడ్డంగి దుమ్మువలన కలిగిన జలుబని నలుగురితో చెప్పితిని. నిజము చెప్పవలెనన్న, ఇంటికి కంచె కట్టుదురనియు, వీధివారు పలుకరింపరనియు భయపడితిని. నాలుగు దినములు గ్రామములు తిరిగితిని. ఒక వృద్ధ రైతు ఇంటి అరుగుపై అరగంట కూర్చుండి నారుమడి సంగతులు చెప్పితిని. అయిదవ నాడు వేపనూనె డబ్బా మూత తీసితిని, వాసన తెలియలేదు. అప్పుడు గాని నాకు కనువిప్పు కాలేదు.

ఆ దినములలో ప్రభుత్వమువారు ఆర్టీసీ బస్సులను పరీక్షా వాహనములుగా మార్చి ‘సంజీవని’ యను పేరుతో ఊరూరికి పంపుచుండిరి. అందు పరీక్ష చేయించుకొంటిని. వ్యాధి యున్నదని తేలెను. నేను తేలికగా కోలుకొంటిని. ఆ వృద్ధుడు మాత్రము పండ్రెండు దినములు ప్రాణవాయువుపై నుండి బ్రతికి వచ్చెను. ఆ యేడు ఆయన పొలము కౌలునకు పోయెను. నా వలననే సోకెనని రుజువు లేదు. కాని మొదటి నాడే పరీక్ష చేయించుకొనియుండిన, నేను ఆ అరుగుపై కూర్చుండియుండెడివాడను కాను.

తరువాత చూడబోయినపుడు ఆయన నన్ను దూషింపలేదు. “ఏమయ్యా, మొలక చూడనిదే నారు పోయవద్దంటివే, నీ జ్వరమును ఎందుకు చూపించుకోలేదు?” అని మాత్రము అడిగెను.

పరీక్ష ఎట్టిది?

ముక్కులోనుండియు గొంతులోనుండియు పుల్లకు చుట్టిన దూదితో తెమడ తీయుదురు. ఒక క్షణము చురుకుమనును. అంతకు మించి బాధ లేదు. పరీక్షలు ముఖ్యముగా రెండు విధములు.

1. ర్యాపిడ్ పరీక్ష. అరగంటలోపల ఫలితము తెలియును. ఉన్నదని వచ్చిన నమ్మవచ్చును. లేదని వచ్చియు జ్వరము, దగ్గు ఉన్నచో నిశ్చింతగా నుండరాదు. రెండవ పరీక్ష చేయించుకొనవలెను.

2. ఆర్టీపీసీఆర్ పరీక్ష. ఇది ప్రయోగశాలలో జరుగును. వైరసు అణుమాత్రముగా నున్నను పట్టుకొనును. అందువలన రోగి కోలుకొని, ఇతరులకు అంటించు శక్తి పోయిన పిమ్మటను కొన్ని వారములు ఉన్నదనియే చూపవచ్చును. ఈ కారణముచేతనే 2020 మే నెలలో, స్వల్ప వ్యాధిగ్రస్తులను విడుదల చేయుటకు మరల పరీక్ష అక్కరలేదని కేంద్ర ప్రభుత్వము నిర్ణయించెను. ఆ సంగతి తెలియక, నయమైనవారిని గూడ నెలల తరబడి దూరముంచుట అన్యాయము.

సోకిన మరునాడే చేసిన పరీక్షలో వ్యాధి దొరకకపోవచ్చును. గింజ ఉబ్బకముందే మొలక లెక్కింపజాలము గదా! సామాన్యముగా రెండు మొదలు పదునాలుగు దినములలోపల లక్షణములు పొడసూపును.

మందుల విషయము

జెమిని వైరసు సోకిన మిరపకు బూజు మందు కొట్టిన ప్రయోజనము లేదని మీరెరుగుదురు. అట్లే వైరసు జ్వరమునకు ఆంటీబయాటిక్ మాత్రలు పనిచేయవు. స్టెరాయిడ్ మందు ప్రాణవాయువు అవసరమైన రోగిని కాపాడునని 2020 జూన్‌లో ఇంగ్లండులో రుజువయ్యెను. అవసరము లేనివాడు దానిని వాడిన హానియే. 2021లో మధుమేహము గలవారు పలువురు స్టెరాయిడ్లు వాడి, నల్లబూజు వ్యాధికి గురియైరి. కావున వైద్యుని అడుగక ఏ మాత్రయు మ్రింగరాదు.

కోలుకొను విధము

1. వేరు గదిలో, గాలి వచ్చు చోట ఉండవలెను. జ్వరము విడిచి, ఇతర లక్షణములు తగ్గువరకు నలుగురిలోనికి పోరాదు. నీరు, గంజి, పప్పు, గ్రుడ్డు తగినంత తీసికొనవలెను.

2. వ్రేలికి తగిలించు ఆక్సిమీటరుతో దినమునకు మూడు నాలుగు సారులు ప్రాణవాయువును చూచుకొనవలెను. అంకె 94 కంటె తగ్గిన వైద్యుని కడకు పోవలెను. మార్కాపురమునకు ఒంగోలు సుమారు నూరు కిలోమీటర్లు. గిద్దలూరునకు ఇంకను దూరము. ఆయాసము ముదిరిన పిమ్మట బండి వెదకుట ఆలస్యమే.

3. అయిదవ దినము మొదలు పదియవ దినము వరకు మిక్కిలి మెలకువ అవసరము. జ్వరము తగ్గినదని ఏమరరాదు.

4. పలకల గనులలో దుమ్ము పీల్చినవారు, మధుమేహము గలవారు, అరువది యేండ్లు దాటినవారు మొదటి నాడే వైద్యునికి చూపించుకొనవలెను.

5. నయమైన పిమ్మట నీరసము వారములు, ఒక్కొక్కరికి నెలలు ఉండవచ్చును. జబ్బుపడి లేచిన ఎద్దును మరునాడే కాడికి కట్టము గదా! మొదట ఇంటి ముంగిట నడక, పిదప గట్టు వరకు, పిమ్మటనే పార. దగ్గు రెండు వారములు దాటినచో క్షయ పరీక్షయు చేయించుకొనవలెను.

సంఘము చేయదగిన పని

2021 జనవరి 16వ తేదీన దేశమున టీకాలు మొదలైనవి. వానిలో నొకటి హైదరాబాదునందే తయారైనది. 2023 మే 5వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర స్థితి ముగిసెనని ప్రకటించెను. వైరసు మాత్రము పోలేదు. వృద్ధులకు నేటికిని ప్రమాదమే.

రైతు జ్వరమును దాచుట మూర్ఖతవలన గాదు. తాను పడుకొన్న నీరు కట్టువాడెవడు, గొడ్లకు మేత వేయువాడెవడు అను బెంగవలన. మన సంఘ సభ్యులు పదిమంది వంతులు వేసికొని రోగి పొలమును, పశువులను వారము పదిదినములు చూచినచో, దాచవలసిన కారణమే యుండదు. అప్పు ఇచ్చుట, ఎరువులు పంచుట మాత్రమే సహకారము గాదు.

రాబోవు సమావేశమున ప్రతి గ్రామము ఈ రెండు ప్రశ్నలకు జవాబు నిర్ణయించుకొనవలెనని కోరుచున్నాను: మన ఊరిలో ఆక్సిమీటరు ఎవరి ఇంట నుండును? జ్వరపడిన వాని గొడ్లకు మొదటి నాడు మేత వేయువారెవరు?