ముందు ఎర్ర గీత చూడు

ప్రగతి నగర్,
శనివారం రాత్రి

అమ్మలూ,

మొన్న భోజనాల దగ్గర "కోడ్ అయిపోయింది మామయ్యా, ఇక టెస్టులే మిగిలాయి, కవరేజ్ 80 శాతం దాటిస్తే చాలు" అన్నావు. అత్త ముందు ఎందుకులే అని ఊరుకున్నాను.

నేనూ అలాగే ముందు కోడ్, తర్వాత టెస్టు రాసి దెబ్బ తిన్నాను. 2017 జూలైలో జీఎస్టీ వచ్చిన కొత్తలో ఒక క్లయింటుకి పన్ను లెక్క పైథాన్‌లో రాశాను. 250 రూపాయల మీద 5 శాతం అంటే పన్నెండున్నర. యాభై పైసలూ ఆపైనా ఉంటే రూపాయి చేయమంటుంది చట్టంలో 170వ సెక్షన్. అంటే 13 రావాలి. పైథాన్ రౌండ్ ఫంక్షనేమో సరిగ్గా సగం దగ్గర సరిసంఖ్య వైపు మొగ్గుతుంది, 12 ఇచ్చింది. నేను చేసిన ఘనకార్యం, ఆ 12నే తీసుకెళ్ళి టెస్టులో పెట్టడం. అన్నీ పచ్చగా వెలిగాయి. చివరికి వాళ్ళ అకౌంటెంట్ కాగితం మీద లెక్కేసి పట్టుకున్నాడు. తప్పును పట్టాల్సిన నా టెస్టు అన్నాళ్ళూ దానికే కాపలా కాసింది!

అందుకే టెస్టు ముందు రాయాలి. కోడ్‌ని అడగకముందే జవాబు నీ దగ్గర ఉండాలి. అది చట్టంలోంచి రావచ్చు, క్లయింటు నోట్లోంచి రావచ్చు. కెంట్ బెక్ అనే ప్రోగ్రామర్ 2002లో ఈ పద్ధతి మీద పుస్తకం రాశాడు గానీ, తానే కనిపెట్టానని చెప్పుకోడు. తాను చిన్నప్పుడు చదివిన ఓ పాత ప్రోగ్రామింగ్ పుస్తకంలో ఉందట: రావాల్సిన అవుట్‌పుట్ టేపును ముందు చేత్తో టైపు చేసుకో, అసలు టేపు దానితో కలిసేదాకా ప్రోగ్రాం రాస్తూ పో అని.

టెస్టు రాయగానే నడుపు. ఫెయిలై ఎర్ర గీత చూపించాలి. ఈ మెట్టు దాటెయ్యకు. కూకట్‌పల్లి రైతుబజార్‌లో ఖాళీ కాటా సున్నా చూపిస్తేగానీ మీ అత్త వంకాయలు పెట్టనివ్వదు, చూశావుగా! తర్వాత ఆ టెస్టు పాసయ్యేంత కోడే రాయి, ఆపైన శుభ్రం చేసుకో. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీలో 12, 28 శాతం శ్లాబులను చాలావరకు ఎత్తేసినప్పుడు ఇలా రాసుకున్నవాళ్ళు ముందు టెస్టుల్లో అంకెలు మార్చారు, ఎక్కడెక్కడ ఎర్రబడిందో చూసి అక్కడే చెయ్యి పెట్టారు.

ఏఐ చేత కోడూ టెస్టూ రెండూ రాయించకు. పరీక్ష రాసినవాడే పేపర్ దిద్దుకున్నట్టు ఉంటుంది. కనీసం రావాల్సిన అంకెలైనా నువ్వు వెయ్యి. స్క్రీన్ ఎలా ఉండాలో నీకే తెలియక తడుముకుంటున్నప్పుడు మాత్రం టెస్టుల జోలికి పోకు. ఊరికే రాసి చూసి, పారేసి, మళ్ళీ మొదలుపెట్టు. ఈ మాటకు కొందరు ఒప్పుకోరు, పోనీలే.

సోమవారం డిస్కౌంట్ మాడ్యూల్ మొదలుపెడతానన్నావుగా. మొదటి ఎర్ర గీత రాగానే ఫోన్ చెయ్యి. ఆదివారం జేఎన్‌టీయూ మెట్రో దగ్గర దిగితే బండి తెస్తాను, అత్త గోంగూర తెప్పించింది.

మీ మామయ్య