మందు ఒకటే, దేహాలు వేరు

ఒకే వ్యాధికి, ఒకే మోతాదులో ఇచ్చిన మందు ఒకరికి అమృతమై మరొకరికి విషమై పరిణమించడం వైద్యులు చిరకాలంగా ఎరిగిన విషయమే. “ఆ మందు ఒంటికి పడలేదు” అని జనం సరిపెట్టుకుంటారు. పడకపోవడానికి కారణం వెదికితే, అది చాలాసార్లు పుట్టుకతో సంక్రమించిన జన్యువులలో కనిపిస్తుంది.

శస్త్రచికిత్సకు ముందు రోగి శ్వాసనాళంలో గొట్టం అమర్చవలసి వస్తుంది. కండరాలు బిగుసుకొని ఉంటే అది సాధ్యం కాదు. అందుకై మత్తువైద్యులు వాడే మందులలో సక్సినైల్‌కోలిన్ ఒకటి. అది గొంతు కండరాలతో పాటు ఊపిరి తీసే కండరాలను కూడా స్తంభింపజేస్తుంది. అయినా భయం లేదు. రక్తంలోని బ్యుటిరైల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము కొద్ది నిమిషాలలోనే ఆ మందును విచ్ఛిన్నం చేస్తుంది. కండరాలు తిరిగి కదులుతాయి.

అయితే కొందరిలో ఆ ఎంజైము సరిగా పనిచేయదు. నిమిషాలలో పోవలసిన ప్రభావం గంటల తరబడి నిలిచిపోతుంది. అంతసేపూ యంత్రమే రోగికి ఊపిరి అందించాలి. ఈలోగా మత్తు తగ్గితే పరిస్థితి మరీ దారుణం: చుట్టూ వినిపించే మాటలన్నీ తెలుస్తూనే ఉంటాయి, కనురెప్ప కదల్చే శక్తి మాత్రం ఉండదు.

ఈ లోపం వంశపారంపర్యమని వెర్నర్ కాలో 1950లలో కెనడాలో జరిపిన పరిశోధనలు తేల్చాయి. 1959లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ ఫోగెల్ ఇటువంటి అధ్యయనానికి ఫార్మకోజెనెటిక్స్, అనగా ఔషధ జన్యుశాస్త్రం, అని నామకరణం చేశాడు.

ఈ కథకు తెలుగునాటితో దగ్గరి సంబంధం ఉంది. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల వైశ్యులలో ఈ లోపం ఇతరులలో కంటె సుమారు 100 రెట్లు అధికం. ఆ ఎంజైములో 307వ స్థానాన ల్యూసిన్‌కు బదులు ప్రోలిన్ చేరడమే దీనికి మూలమని 2006లో వెల్లడైంది. తల్లి నుండి, తండ్రి నుండి కూడ మారిన జన్యువే వచ్చినవారికి ప్రమాదం ఎక్కువ. కొద్దిమంది పూర్వికుల సంతతి తరతరాలుగా తమలో తామే వివాహాలు చేసుకున్నప్పుడు అరుదైన మార్పు సైతం ఆ సమూహంలో పెరిగిపోతుంది. ఇందులో కులం యొక్క ఘనత గాని లోపం గాని లేదు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు విదేశీ పరిశోధకులతో కలిసి 2017లో ప్రకటించిన అధ్యయనంలో దక్షిణాసియాకు చెందిన 263 సమూహాలను పరిశీలించగా, 81 సమూహాలలో ఇట్టి ప్రభావం మిక్కిలి బలంగా కనిపించింది. వైశ్యులు వాటిలో ఒకరు మాత్రమే.

మందు విషయంలో జన్యువు చెప్పినంత స్పష్టంగా వ్యాధి విషయంలో చెప్పదు. గుండె కండరానికి చెందిన ఎం.వై.బి.పి.సి.3 అనే జన్యువులో 25 అక్షరాలు లోపించిన మార్పు భారత ఉపఖండంలో నూటికి నలుగురిలో ఉన్నదని 2009లో తేలింది. అది గుండెజబ్బు ముప్పును పెంచుతుంది. కాని అది ఉన్న ప్రతివారూ రోగగ్రస్తులు కారు. వయస్సు, రక్తపోటు, ఇతర జన్యువులు కూడ ఫలితాన్ని నిర్ణయిస్తాయి. పైగా ముప్పును అంచనా వేసే లెక్కలు చాలావరకు ఐరోపా సంతతి వారి సమాచారంపై నిర్మించినవి. వాటిని ఇక్కడి వారికి యథాతథంగా అన్వయిస్తే అంచనా తప్పుతుంది. 10,000 మంది భారతీయుల జన్యుక్రమాలను సేకరించిన జీనోమ్ ఇండియా పథకం సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి రావడం ఆ కొరత తీర్చే దిశలో పడిన అడుగు.

సక్సినైల్‌కోలిన్ విషయంలో మాత్రం అంత నిరీక్షణ అవసరం లేదు. “మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తరువాత ఊపిరి అందడం ఆలస్యమైందా?” అని మత్తువైద్యుడు ముందుగా అడుగుతాడు. ఇంటిపేరు చూసి నిర్ణయిస్తే చాలదు. వైశ్యులలో అత్యధికుల ఎంజైము చక్కగానే పనిచేస్తుంది, ఇతరులలోనూ లోపం ఉన్నవారు ఉంటారు. అనుమానం కలిగితే రక్తపరీక్షతో ఎంజైము స్థాయి తెలుస్తుంది. అది తక్కువగా ఉంటే వైద్యుడు ఆ మందు మాని, అదే పని చేసే రోక్యురోనియం వంటి మరొక మందును ఎన్నుకుంటాడు.