పిట్టగోడయు ప్రయాణపు టీకాయు

పాఠ్యభాగము: ద్వితీయోపదేశకాండము 22:8



మిద్దె చుట్టు పిట్టగోడ పెట్టవలెనని ఈ భాగములో ఆజ్ఞ కలదు. మిద్దె అంచు ఎక్కడనున్నదో యింటివానికి తెలియును. తెలియక పడువాడు చుట్టమో, పసిబిడ్డయో. కనుక ఆ గోడ పరుల ప్రాణమునకును కావలి. మన ఆర్మూరు ప్రాంతమునుండి దూరదేశములకు పోవువారును, వారిని సాగనంపు ఇంటివారును దీనిని తలపోయవలెనని కోరుచున్నాము.

మనవారు అనేకులు పోవు గల్ఫ్ దేశములలో ఎల్లో ఫీవర్ అను జ్వరము లేదు. కాని నైజీరియా, ఘనా, ఉగాండా, కాంగో వంటి ఆఫ్రికా దేశములలోను, దక్షిణ అమెరికాలోని కొన్ని దేశములలోను అది కలదు. మొదట జ్వరము, ఒళ్లునొప్పులు, వాంతులు వచ్చును. ముదిరినచో కాలేయము చెడి కన్నులును చర్మమును పచ్చబడును, రక్తము పోవును. దానిని కుదుర్చు ప్రత్యేకమైన మందు నేటికిని లేదు. అయితే టీకా కలదు. దానికై పాటుపడిన మాక్స్ థైలర్ అను శాస్త్రజ్ఞునికి 1951లో నోబెల్ బహుమానము వచ్చెను.

ఈ టీకా సాధారణముగా ఒక్కసారి చాలును. కాని దాని ధ్రువపత్రము 10 దినములు గడచిన పిమ్మటనే చెల్లును. కాబట్టి విమానము ఎక్కు వారమున పరుగెత్తిన లాభము లేదు. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో టీకా వేయు దినమును ముందుగా విచారించి, పాస్‌పోర్టుతో పోవలెను. 2016 జూలై 11 నుండి ఈ పత్రము జీవితకాలము చెల్లుచున్నది. గర్భిణులు, 9 నెలలు నిండని శిశువులు, 60 ఏండ్లు దాటినవారు, గ్రుడ్డు పడనివారు, దీర్ఘరోగులు తమ సంగతి ముందుగా డాక్టరుకు చెప్పవలెను.

టీకా లేకుండనే కాగితము తెచ్చి యిత్తుమని యెవరైన ఏజెంటు చెప్పిన వినకుడి. కాగితము విమానాశ్రయము దాటించునేమో గాని దోమకాటును ఆపదు. ఈ జ్వరమును మోయునది మన యూళ్లలో డెంగీ తెచ్చు తెల్లచారల పగటి దోమయే. మన దేశములో ఆ దోమ ఉన్నది, ఆ జ్వరము లేదు. రోగి యొకడు దానితో తిరిగివచ్చిన, మన తొట్లలోను పాత టైర్లలోను పుట్టిన దోమలే దానిని ఇంటింటికి చేర్చగలవు. అందుచేతనే పత్రము లేక ఆ దేశములనుండి వచ్చువారిని 6 దినములవరకు వేరుగా ఉంచుదురు.

ప్రార్థన చేసితిమి గదా, సూది యెందుకని కొందరందురు. పిట్టగోడ కట్టుమన్నవాడు దేవుడే గదా! పసుపుపాలు త్రాగితే చాలునని మరికొందరందురు. పసుపు మన పంటయే, మంచిదే. టీకాకు మాత్రము బదులు కాదు.

ఈ టీకా మలేరియాను ఆపదని మరువకుడి. మలేరియా క్రిమిని దోమలో రోనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదులోనే కనుగొనెను. ఆఫ్రికాకు పోవువారు డాక్టరు చెప్పిన మాత్రలను ప్రయాణమునకు ముందు మొదలుపెట్టి, తిరిగివచ్చిన తరువాతను చెప్పినన్ని దినములు మ్రింగవలెను, దోమతెరలోనే పండుకొనవలెను. ఇంటికి వచ్చినపిమ్మట జ్వరము తగిలిన, ఏ దేశమునుండి వచ్చితిరో డాక్టరుకు మొదటనే చెప్పుడి.

ఇంటింట ఆలోచించుటకు: మన యింటినుండి ఎవరు ప్రయాణమగుచున్నారు? వారి టీకాకు ఇంకను 10 దినముల వ్యవధి యున్నదా?