వించికి ఏ త్రాడు: ఉక్కుదా, కృత్రిమ నారదా?

మా పాఠశాల పిల్లల తల్లిదండ్రులలో కొందరు ఈ మధ్య థార్, గూర్ఖా, జిమ్నీ వంటి బండ్లను కొనుచున్నారు. సెలవు దినములలో పిల్లలను వెంటబెట్టుకొని సకలేశపురపు కాఫీ తోటల వైపునకు, రామనగరపు బండల వైపునకు పోవుచున్నారు. దిగబడిన బండిని బయటికి లాగుటకై ముందు బంపరునకు వించి అను యంత్రమును బిగించుకొనుచున్నారు. దాని డ్రమ్ముపై ఉక్కుత్రాడు చుట్టవలెనా, కృత్రిమ నారత్రాడు చుట్టవలెనా అని తల్లిదండ్రుల సమావేశములో ఒకరిద్దరు మమ్ము అడిగిరి. పాఠము చెప్పువారిని బండి సామానుల సంగతి అడుగుట వింతగా తోచవచ్చును. కాని ఇది ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రములోని విషయమే. పైగా బండిని లాగుచున్నప్పుడు వేడుక చూచుటకు త్రాటి దగ్గరకు పరుగెత్తునది పిల్లలే. అందుచేత ఈ సంచికలో దానికి చోటిచ్చినాము.

మన పెద్దలకు మోకు క్రొత్త కాదు. కోలారు, చిత్తూరు, అనంతపురము సీమలలో కపిలబావులపై ఎద్దులు మోకు లాగి నీటిబానను పైకి తెచ్చిన కాలము ముసలివారికి జ్ఞాపకముండును. మోకు ఎచ్చట నలిగినదో రైతు చేతితో తడిమి చూచెడివాడు. గనులలోను మొదట నారత్రాళ్ళు, ఇనుప గొలుసులు వాడిరి. గొలుసులో ఒక్క లంకె తెగిన చాలును, బరువంతయు క్రిందపడును. 1834లో జర్మనీ దేశపు హార్జ్ పర్వతములలో గనుల అధికారి విల్‌హెల్మ్ ఆల్బర్ట్ ఇనుప తీగెలను పురిపెట్టి త్రాడు చేసెను. అందులో ఒక తీగె తెగినను మిగిలినవి భారము మోయును. మన పొరుగున కోలారు బంగారు గనులు 2001లో మూతపడువరకు మనుష్యులను, రాతిని పైకి తెచ్చినది ఉక్కుత్రాడే. ఆ గనులలో పనిచేసినవారి మనుమలు కొందరు మా బడిలోనే చదువుచున్నారు.

కృత్రిమ నారత్రాడు మన కాలపు వస్తువు. దుకాణములలో దీనిని డైనీమా అని అడుగుదురు. అది నెదర్లాండ్సు దేశపు డీఎస్ఎం సంస్థ పెట్టిన పేరు. పదార్థము చూడబోయిన పాలిథీనే, కూరగాయల సంచికి వాడునదియే. సంచిలోని అణువుల గొలుసులు కలగాపులగముగా చిక్కుపడియుండును. ఈ నారలో మిక్కిలి పొడవైన గొలుసులు, దువ్విన వెండ్రుకలవలె, ఒకే దిక్కునకు సాగియుండును. బలమంతయు ఆ దువ్వెనలోనే యున్నది. ఆ సంస్థ పరిశోధకులు 1970ల చివర ఈ పద్ధతిని కనుగొనిరి. 1990లో వ్యాపారోత్పత్తి మొదలైనది.

ఇక లెక్కకు వత్తము. సుమారు 4 టన్నులు లాగు వించికి 9 లేక 10 మిల్లీమీటర్ల మందముగల త్రాడు 28 మీటర్లు పట్టుననుకొందము. ఉక్కుదైనచో ఇంచుమించు 10 కిలోలు తూగును. నారదైనచో ఒకటిన్నర కిలో మాత్రమే. వానలో జారుడు గట్టెక్కి చెట్టు వరకు కొక్కెమును మోయువానికి ఈ భేదము బాగుగా తెలియును. నారత్రాడు నీటిపై తేలును, తుప్పు పట్టదు, తీగె ముళ్ళు అరచేతిలో గుచ్చుకొను బాధ లేదు. తెగినచో, నేర్చినవాడు అక్కడనే దాని కొనలను ఒకదానిలో నొకటి దూర్చి మరల అతుకగలడు. మెలిపడి విరుపు తేలిన ఉక్కుత్రాటికి ఆ భాగ్యము లేదు. దానిని పారవేయుటయే మేలు.

అసలు ప్రశ్న ప్రాణములది. 20 మీటర్ల త్రాడు 40,000 న్యూటన్ల తన్యతకు లోనై నూటికొక వంతు, అనగా 20 సెంటీమీటర్లు సాగినదనుకొందము. అందులో నిలువయుండు స్థితిజశక్తి బలములో సగమును సాగుడుతో హెచ్చించిన వచ్చును: 4,000 జౌళ్ళు. 20 కిలోల బియ్యపు మూట ఆరంతస్తుల మేడపైనుండి పడిన వచ్చు శక్తి యిది. ఉక్కుత్రాడు తెగినచో ఈ శక్తి యంతయు బరువైన కొరడాయై విసరికొట్టును. నారత్రాడులో శక్తి లేదని కొందరు వర్తకులు చెప్పుట సరికాదు. అదియు సాగును, ఎక్కువ సాగినచో ఎక్కువ శక్తియే దాచును. ఐతే తేలిక గనుక దానిని గాలియే త్వరగా నిలుపును. తగిలిన దెబ్బయు సాధారణముగా తక్కువ. కాని కొక్కెమో, షాకిలో ఊడి దానితో వచ్చినచో త్రాడు ఏదైనను ఒక్కటే, ఆ ఇనుపముక్క తుపాకి గుండువంటిది. కావున ఏ త్రాడైనను నడుమ బరువైన దుప్పటినో, తడిపిన గోనెపట్టానో వేయవలెను. త్రాటి పొడవునకు ఒకటిన్నర రెట్ల దూరములోపల ఎవ్వరును ఉండరాదు. లాగుచున్న త్రాటిని దాటరాదు. పిల్లవానికి సెల్‌ఫోను ఇచ్చి "దగ్గరగా నిలిచి తీయుము" అను తండ్రులకు ఈ వాక్యములు మరియొకసారి చదువుడని మనవి.

నారత్రాటి దోషములు మన ప్రాంతమునకు బాగుగా అంటునవి. రామనగరపు బండలు గట్టి గ్రానైటు. వాని అంచుమీద రాచుకొన్న నార చూచుచుండగనే తెగును. రాయి తగులుచోట తొడుగు వేయక తప్పదు. ఎర్రమట్టిలోని సన్నని ఇసుక అల్లికలోనికి చొచ్చి లోపలినుండి కోయును. కావున ప్రయాణము ముగియగానే మంచినీటితో కడిగి నీడలో ఆరబెట్టవలెను. బెంగుళూరులో బండి యేడాది పొడుగునను వీధి ప్రక్క ఎండలో నిలుచును. ఆ ఎండయు దానికి శత్రువే. అన్నింటికంటె వేడి. ఈ నార సుమారు 145 డిగ్రీలకు కరగును. అంతకు చాల ముందే బలము తగ్గును. కొన్ని వించులలో బ్రేకు డ్రమ్ములోపలనే యుండును. భారముతో త్రాటిని వెనుకకు వదలునప్పుడు ఆ డ్రమ్ము కాలి, లోపలి చుట్టు పైకి కనబడకుండ చెడును. కొనుటకు ముందు బ్రేకు ఎచ్చటనున్నదో అడుగుడు. సాగు నైలాను పట్టీ వేరు సామాను. దానిని వించికి వాడరాదు.

మా అభిప్రాయము దాపరికము లేక చెప్పెదము. కాఫీ తోటలో మొద్దులను నేలమీద ఈడ్చువారికి, దారిలో చెడిన లారీలను లాగు వృత్తివారికి ఉక్కే తగినది. అది మొరటుతనమును ఓర్చును, వెలయు తక్కువ. ఏడాదికి రెండు మూడు మారులు కుటుంబముతో పోయి, వించిని ఎప్పుడో గాని త్రిప్పని వారికి నారత్రాడు మేలు. ఐతే కడుగుట, కప్పుట, ప్రతిసారి తడిమి చూచుట వారి పని. ఆ ఓపిక లేనివారికి నారత్రాడు తగదు. వారు ఉక్కును, తోలు చేతొడుగులను కొనుట మంచిది.

త్రాటిని మార్చువారు దాని ముఖద్వారమును గూడ చూడవలెను. ఉక్కు గీతలు పెట్టిన పాత రోలర్లమీద క్రొత్త నార నిలువదు. నునుపైన అల్యూమినియం ద్వారము బిగింపవలెను. డ్రమ్ముపై ఎల్లప్పుడు ఉక్కుదైన ఐదు చుట్లు, జారుడు గుణముగల నారదైన ఎనిమిది నుండి పది చుట్లు మిగిల్చి లాగవలెను. తొలి పొరలో వించి బలము హెచ్చు. పొర పెరుగుకొలది తగ్గును. బలము చాలనిచోట ఒక గిలక వేసి త్రాటిని మడచినచో లాగుడు ఇంచుమించు రెండింతలగును. పిల్లల గిలకల పాఠము అక్కడ పనికివచ్చును.

క్రొత్త త్రాటిని వదులుగా చుట్టి ప్రయాణమునకు బయలుదేరరాదు. వదులుగా చుట్టినచో మొదటి లాగుడులోనే పై చుట్టు క్రింది చుట్టులలో దిగబడి చిక్కుకొనును. కొంచెము వాలుగల ఖాళీ మైదానములో త్రాటిని మిగులు చుట్ల వరకు విప్పి, కొనను గట్టి చెట్టునకు వెడల్పు పట్టీతో కట్టి, ఒకరు బండిలో కూర్చుండి బ్రేకును లేతగా నొక్కుచుండగా, బండి బరువుమీదనే మెల్లగా చుట్టవలెను. అరగంట పట్టును. పిల్లలను ఆ అరగంటయు మైదానపు అవతలి అంచున కూర్చుండబెట్టుడు.