బిడ్డకు ఫిట్స్ వస్తే, కన్ను ఎర్రబడితే, చెవి కారితే



మీరు అక్షరాలు నేర్చుకున్నారు. అంకెలు నేర్చుకున్నారు. గడియారం చూడవచ్చు. మందు సీసా మీది రాత చదవవచ్చు. ఆ చదువు బిడ్డ సేవకు ఎట్లా పనికి వస్తుందో ఈ పాఠంలో చూద్దాం.

1. ఫిట్స్ వస్తే

ఫిట్స్‌ను కొందరు మూర్ఛ అంటారు. కొందరు వాయి అంటారు. ఇది గాలి సోకడం కాదు. ఎవరో చేసిన చేతబడి కాదు. మన మెదడులో సన్నని కరెంటు లాంటిది నడుస్తుంది. అది ఒక్కసారిగా అదుపు తప్పితే కాళ్లు చేతులు కొట్టుకుంటాయి. కండ్లు పైకి పోతాయి. నోట్లో నురుగు వస్తుంది.

ఇట్లాంటి సమయంలో ఇంట్లో ఏం జరుగుతుంది? ఈ మాటలు చదవండి.

అత్త : అయ్యో! పోరనికి వాయి వచ్చింది. తాళంచెవుల గుత్తి తే, చేతిల పెడుదాం. నోట్లె చెంచా పెట్టు!

కోడలు : వద్దత్తా! చెంచా పెడితే పండ్లు విరుగుతయి. ఊపిరి ఆడదు. ఆశక్క మొన్న మీటింగుల చెప్పింది కదా!

అత్త : మరి ఊకె చూసుకుంట కూసుందామా?

కోడలు : ఊకె కాదత్తా. పక్కకు తిప్పి పండబెడుదాం. నువ్వు గడియారం చూడు. ఎన్ని నిమిషాలైతున్నయో చెప్పు.

కోడలు చెప్పింది సరైన మాట. ఇనుముతో ఫిట్స్ ఆగదు. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో దానంతట అదే ఆగుతుంది. అప్పుడే ఇనుము చేతిలో పెడతాం. ఇనుముతోనే ఆగిందని అనుకుంటాం.

ఇట్లా చేయండి :

బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. అప్పుడు నురుగు, వాంతి బయటికి పోతాయి. ఊపిరితిత్తుల్లోకి పోవు.
మెడ దగ్గర బట్టలు, మొలతాడు వదులు చేయండి.
దగ్గర పొయ్యి, రాళ్లు, కత్తిపీట ఉంటే దూరం జరపండి.
కొట్టుకునే కాళ్లు చేతులను గట్టిగా పట్టుకోవద్దు.
పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్లు, పాలు, మందు ఏదీ నోట్లో పోయవద్దు.
ఉల్లిగడ్డ, చెప్పు వాసన చూపించవద్దు. వాత పెట్టవద్దు.

ఫిట్స్ 5 నిమిషాలు దాటితే ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి. ఒకటి ఆగి తెలివి రాకముందే ఇంకోటి వచ్చినా అంతే. మొదటిసారి ఫిట్స్ వచ్చిన బిడ్డను, ఆగిపోయినా సరే, దవాఖానకు తీసుకుపోవాలి. జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోయినా, పసిబిడ్డ మాడ ఉబ్బినా అది మెదడువాపు కావచ్చు. ఒక్క గంట కూడా ఆలస్యం చేయవద్దు.

6 నెలల నుంచి 5 ఏండ్ల లోపు పిల్లల్లో కొందరికి జ్వరం ఎక్కువైనప్పుడు ఫిట్స్ వస్తుంది. వీరిలో చాలామందికి పెద్దయినాక రాదు. జ్వరం లేకుండా మళ్లీ మళ్లీ వస్తే డాక్టరు రోజూ వేసే మందు రాస్తారు. ఆ మందు ఒక్క పూట కూడా మానవద్దు. "రెండు నెలల నుంచి రాలేదు కదా" అని మానితే ఫిట్స్ ఇంకా గట్టిగా రావచ్చు. ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి.

ఫిట్స్ వచ్చే పిల్లలు బడికి పోవచ్చు. ఆడుకోవచ్చు. ఇది అంటురోగం కాదు. కాని మన బాన్సువాడ చుట్టూ నిజాంసాగర్ కాలువలు ఉన్నాయి. కాలువకు, చెరువుకు ఒంటరిగా పంపవద్దు. పొయ్యి దగ్గర ఒంటరిగా వదలవద్దు. సారుకు, టీచరమ్మకు విషయం చెప్పండి. దాచవద్దు. దాస్తే బడిలో ఫిట్స్ వచ్చిన రోజు ఎవరికీ ఏం చేయాలో తెలియదు.

2. కంటి బాధలు

కండ్లకలక వస్తే నీళ్లు కాచి చల్లార్చండి. శుభ్రమైన దూది ముంచి, ముక్కు వైపు నుంచి చెవి వైపుకు తుడవండి. ఒక్కో కంటికి కొత్త దూది వాడండి. ఆ బిడ్డ తువ్వాల వేరే ఉంచండి. ముందు, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. చుక్కల మందు వేసేటప్పుడు కింది రెప్పను లాగి, ఆ సందులో వేయండి. సీసా మూతి కంటికి తగలవద్దు.

కంట్లో చనుబాలు, ఆముదం, ఆకుపసరు పోయవద్దు. కాటుక పెట్టవద్దు.

పాన్‌లో వేసుకునే సున్నం పొట్లాలు పిల్లలకు అందకుండా పెట్టండి. పొట్లం నొక్కితే పగిలి సున్నం కంట్లో పడుతుంది. అది కంటిని కాలుస్తుంది. పడితే వెంటనే, అక్కడే, మంచి నీళ్లతో అరగంట సేపు కడగండి. తర్వాత దవాఖానకు పోండి. కడగకుండా బండి కోసం ఎదురు చూస్తే కన్ను పోతుంది.

చీకటి పడితే బిడ్డ తడుముకుంటున్నదా? అది రేచీకటి. ఏ విటమిన్ తక్కువైతే వస్తుంది. 9 నెలలకు మొదటి మోతాదు తాగించాలి. తర్వాత 5 ఏండ్ల దాకా 6 నెలలకు ఒకసారి. మొత్తం 9 మోతాదులు. మన దేశంలో ఈ కార్యక్రమం 1970లో మొదలైంది. మునగాకు, పాలకూర, బొప్పాయి, గుడ్డు పెట్టండి.

కంటిపాప తెల్లగా మెరిస్తే అది శుక్లం కావచ్చు, కంటి లోపలి గడ్డ కావచ్చు. వెంటనే చూపించాలి. మెల్లకన్ను అదృష్టం కాదు. చిన్నప్పుడే వైద్యం చేయకపోతే ఆ కంటి చూపు తగ్గిపోతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, బరువు చాలా తక్కువ ఉన్న బిడ్డకు 30 రోజుల లోపు కంటి డాక్టరుతో లోపలి పొర పరీక్ష చేయించాలి.

3. చెవి బాధలు

చెవి కారితే చాలామంది నూనె పోస్తారు. పోయవద్దు. పిన్నీసు, అగ్గిపుల్ల పెట్టవద్దు. శుభ్రమైన మెత్తని నూలుబట్టను వత్తిలా తిప్పండి. చెవిలో మెల్లగా పెట్టండి. తడిసినాక తీసి కొత్తది పెట్టండి. పొడిగా అయ్యేదాకా ఇట్లా చేయండి. రోజుకు మూడుసార్లు. స్నానంలో చెవిలోకి నీళ్లు పోనివ్వవద్దు. చెరువులో ఈతకు పంపవద్దు. డాక్టరుకు తప్పక చూపించండి. చెవి వెనుక వాచి నొప్పి పుడితే అదే రోజు పోవాలి.

పిల్లలు శనగ గింజ, వడ్ల గింజ చెవిలో పెట్టుకుంటారు. నీళ్లు పోయవద్దు. గింజ ఉబ్బుతుంది. డాక్టరే తీయాలి.

6 నెలలు దాటినా పిలుపుకు తల తిప్పకపోతే, ఏడాది దాటినా "అమ్మ, అత్త" అనకపోతే వినికిడి పరీక్ష చేయించండి. "మా నాయినకు కూడా మాటలు లేటుగానే వచ్చినయి" అని ఆగవద్దు. వినపడని బిడ్డకు మాట రాదు. తొందరగా మిషన్ పెట్టిస్తే మాట వస్తుంది.

4. మూడింటినీ కాపాడే టీకా

తట్టు ఒక్క జబ్బే. కాని అది మెదడుకు వాపు తెస్తుంది. కంటిని పోగొడుతుంది. చెవి కారేటట్టు చేస్తుంది. గర్భిణికి రుబెల్లా సోకితే పుట్టే బిడ్డకు చెవుడు, శుక్లం రావచ్చు. ఈ రెండింటికీ ఒకటే టీకా ఉంది. 9 నెలలు నిండగానే ఒకటి, ఏడాదిన్నరకు ఒకటి. ఉచితంగా వేస్తారు.

5. ఎక్కడికి పోవాలి?

ముందు ఆశ కార్యకర్తను, అంగన్‌వాడీ టీచరును అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్లు అంగన్‌వాడీకి, బడికి వచ్చి పిల్లలను చూస్తారు. ఆ రోజు బిడ్డను పనికి తీసుకుపోవద్దు. బాన్సువాడలో ఏరియా ఆసుపత్రి ఉంది. పెద్ద వైద్యం కోసం హైదరాబాదులో పిల్లలకు నీలోఫర్, కండ్లకు సరోజినీదేవి, చెవికి కోఠి ఈ.ఎన్.టి. ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి.

6. చదువును వాడండి

జ్వరం మందు సీసా చూడండి. ఒక సీసా మీద "5 మి.లీ.లో 125 మి.గ్రా." అని ఉంటుంది. ఇంకో సీసా మీద "250" అని ఉంటుంది. రెండూ ఒక్క తీరుగానే కనిపిస్తాయి. కాని రెండో దాంట్లో మందు రెండింతలు. అంకె చదవకుండా పోస్తే బిడ్డకు ముప్పు. గడువు తేదీ కూడా చదవండి.

ఫిట్స్ వచ్చిన ప్రతిసారి నోటుబుక్కులో రాయండి : తేదీ, గంట, ఎన్ని నిమిషాలు, జ్వరం ఉందా, మందు వేశామా. ఆ కాగితం చూస్తే డాక్టరుకు సగం సంగతి తెలుస్తుంది. ఒకప్పుడు వేలిముద్ర వేసిన చెయ్యి రాసిన ఆ నాలుగు మాటలే బిడ్డకు సరైన మందు ఇప్పిస్తాయి.

చెప్పండి :
1. ఫిట్స్ వచ్చినప్పుడు బిడ్డను ఎట్లా పడుకోబెట్టాలి? ఎందుకు?
2. సున్నం కంట్లో పడితే మొదట ఏం చేయాలి?
3. చెవిలో నూనె పోయడం మీ వాడలో ఉందా? మీరు ఏమని చెప్తారు?

చేయండి :
మీ ఇంట్లో ఉన్న మందు సీసా తెండి. దాని మీది పేరు, అంకె, గడువు తేదీ నోటుబుక్కులో రాయండి. పక్కింటివారికి చదివి వినిపించండి.