కోబాల్ ఫైళ్ళలో కంటికి కనబడని అక్షరాలు

ప్రింటులో రెండు పేర్లూ ఒక్కలాగే ఉంటాయి. ప్రోగ్రాం మాత్రం అవి ఒకటి కావంటుంది. ఎందుకని? ఒక పేరు చివర కంట్రోల్ క్యారెక్టర్ ఏదో దాగి ఉండవచ్చు.

ఐ.బి.ఎం. మెయిన్‌ఫ్రేములు వాడే ఎబ్సిడిక్ కోడులో స్పేస్ విలువ హెక్సాడెసిమల్‌లో 40. అంతకు తక్కువ విలువలు కంట్రోల్ క్యారెక్టర్లవి: 05 టాబ్, 0డి క్యారేజ్ రిటర్న్, 15 న్యూలైన్, 25 లైన్‌ఫీడ్. వేరే యంత్రాల నుంచి తెచ్చిన ఫైళ్ళతోపాటు ఇవీ చొరబడుతుంటాయి.

"రికార్డు మొత్తంలో 15 ఉన్నచోటల్లా స్పేస్ పెట్టేస్తే సరి!" అంటారేమో. అక్కడే ఉంది తిరకాసు. స్కాలర్‌షిప్ 150 రూపాయలనుకోండి. పిక్ ఎస్9(5) కాంప్-3 ఫీల్డులో అది మూడు బైట్లు: 00, 15, 0సి. ఈ 15 న్యూలైన్ కాదు, అంకెలే. దాన్ని 40 చేస్తే ఫీల్డు 00, 40, 0సి అవుతుంది. అనగా 150 కాస్తా 400! యంత్రం కిక్కురుమనదు. మూడు బైట్లనూ 40 చేస్తే ప్లస్ గుర్తు చెడి, కూడికకు దిగగానే ఎస్0సి7తో ప్రోగ్రాం ఆగిపోతుంది. ఒకవిధంగా అదే నయం. తప్పు బయటపడుతుంది గదా!

కనుక ముందు రికార్డు లేఅవుటు చూడండి. పిక్ ఎక్స్ ఫీల్డులను మాత్రమే, పేరుపేరునా శుభ్రం చెయ్యండి:

ఇన్‌స్పెక్ట్ స్టూడెంట్-నేమ్ రిప్లేసింగ్ ఆల్ ఎక్స్'15' బై స్పేస్.

పాత ఫైలును దాచి ఉంచండి. డబ్బు ఫీల్డు మొత్తాన్ని ముందూ వెనుకా కూడి చూడండి. రెండూ కలిస్తేనే ఫైలు శుభ్రమైనట్టు.