తెప్పపై దంపతులు

విద్యార్థులారా! ఆపదలో మనస్సు చెదరకుండవలెనన్న చేతికి పని యుండవలెను. ఇందుకు నిదర్శనమైన యొక యథార్థ వృత్తాంతమును మీకు వివరించుచున్నాము.

ఇంగ్లండు దేశీయులగు మారిస్ బెయిలీ, మారలిన్ దంపతులు తమ యిల్లమ్మి, ఆ సొమ్ముతో 'ఆరలిన్' అను 31 అడుగుల తెరచాప పడవను సమకూర్చుకొనిరి. 1972లో అందు న్యూజిలాండునకు బయలుదేరిరి. మారలిన్‌కు ఈత రాదు. పడవలో వార్తలు పంపు వైర్‌లెస్ యంత్రమును లేదు.

1973 మార్చి 4వ తేదీ ఉదయమున, పసిఫిక్ మహాసముద్రములో ఒక తిమింగిలము ఢీకొనగా పడవకు రంధ్రము పడెను. గంట గడువక మునుపే అది మునిగిపోయెను. గాలి నింపిన రబ్బరు తెప్ప, చిన్న దోనె, కొన్ని ఆహారపు డబ్బాలు, కొంత మంచినీరు మాత్రమే వారికి మిగిలెను.

డబ్బాలు తరిగిపోవుచుండగా మారలిన్ పిన్నీసులను వంచి గాలములు చేసెను. ఇరువురును చేపలను, తాబేళ్లను పట్టి పచ్చిగనే తినిరి. వాననీరు పట్టి త్రాగిరి. కాగితములతో పేకముక్కలు చేసికొని ఆడిరి. ఏడు ఓడలు వారిని గమనింపకయే సాగిపోయెను. భర్త నిరాశ చెందినపుడెల్ల ఆమె తాము కట్టింపబోవు క్రొత్త పడవను గూర్చి ముచ్చటించుచుండెను.

తుదకు జూన్ 30న కొరియా దేశపు చేపల ఓడ యొకటి వారిని రక్షించెను. పిమ్మట వారు నిజముగనే మరియొక పడవలో సముద్రయానము చేసిరి.

ఒకరు క్రుంగిన వేళ మరియొకరు నిలిచినచో ఆ సంసారము మునుగదు. తల్లిదండ్రులును దీనిని గమనింతురు గాక!

ప్రశ్న: మారలిన్ చేసిన పనులలో ఆకలిని తీర్చినవేవి? ఆశను నిలిపినవేవి?